పెరడంతా నాదే

ఆ శనివారానికి హైమావతి పెద్ద పథకాలేమీ వేసుకోలేదు. రాత్రికి ఆకు మాడిపోయే మంచు, ఫ్రాస్ట్ పడుతుందని ఫోన్ చెప్పింది కాబట్టి గోంగూర మొత్తం ఆ పగలే కోసెయ్యాలి. పొద్దున్నే స్టోర్‌కు వెళ్ళి నువ్వుల నూనె, ఎండుమిరపకాయలు తెచ్చుకోవాలి. వచ్చాక ఆకు తుంచి, కడిగి, ఎండ ఉన్నంతసేపు పాత చీర మీద ఆరబెట్టి, సాయంత్రానికి మూకుడు పెట్టాలి. కెనడాలోని ఆ కిచెనర్ ఊళ్ళో తెలుగువాళ్ళకు దసరా ఎప్పుడొస్తుందో గుర్తుండకపోవచ్చు గాని, హైమావతి గోంగూర పచ్చడి సీసాలు ఎప్పుడొస్తాయో గుర్తుంటుంది.

ఆమె భర్త కోటేశ్వరరావు అప్పటికే డైనింగ్ టేబుల్ దగ్గర చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూర్చున్నాడు. వాళ్ళ ఆఫీసులో ఆవేళ సాఫ్ట్‌వేర్ రిలీజు. వెళ్ళొస్తానని, ఎవరైనా వస్తే చూసుకోమని ఆమె చెబితే చెయ్యెత్తి ఊపాడు. ఆ చెయ్యి తనకు ఊపాడో, మీటింగులో ఉన్న మనిషికి ఊపాడో ఆమె పట్టించుకోలేదు. పట్టించుకుని ఉండాల్సింది.

ఆ వీధిలో ఇళ్ళు ఒకదాని భుజం మీద ఒకటి వాలినట్టు వరసగా ఉంటాయి. వెనక పెరళ్ళకు మధ్య కంచెల్లేవు. హైమావతి పెరడు ఎక్కడ అయిపోయి, పక్కింటి డోరీన్ పెరడు ఎక్కడ మొదలవుతుందో గడ్డి కోసే మిషన్‌కు కూడా తెలియదు. మే నెలాఖరులో విత్తిన గోంగూర ఆగస్టుకల్లా మనిషెత్తయింది. ఆ వరస అయిపోయిన చోటే డోరీన్ పెంచుకునే నాలుగు గంజాయి మొక్కలుండేవి.

అవి గంజాయి మొక్కలని తెలిసినప్పుడు హైమావతి రెండు రోజులు అటు చూడలేదు. ఇంటికి నాలుగు మొక్కల దాకా ఇక్కడ చట్టం ఒప్పుకుంటుందని కూతురు ధాత్రి చెప్పింది. డోరీన్ ఆ పూలను కొబ్బరినూనెలో కాచి వేళ్ళకు రాసుకోవడం కళ్ళారా చూశాక, వాతం మందు కాబోలనుకుని ఊరుకుంది. డెబ్భై దాటిన ఆ మనిషికి వేళ్ళ కణుపులు వాచి వంకర్లు పోయాయి. సీసాల మూతలు తీసే పట్టు ఆ వేళ్ళకు లేదు. జామ్ సీసా చంకలో పెట్టుకుని వెనక గుమ్మంలోకొచ్చి తలుపు తట్టేది. మూత తిప్పడానికి క్షణం పట్టేది, ఆ తర్వాత ఇద్దరూ గంటసేపు కూర్చునేవారు. ఎన్నో ఏళ్ళు అమెరికాలో ఉండి వచ్చినా హైమావతి ఇంగ్లీషుకు ధైర్యం వచ్చింది ఆ గుమ్మంలోనే. ఆమె తప్పు మాట్లాడితే డోరీన్ దిద్దేది కాదు, తనూ అలాగే మాట్లాడేది.

గోంగూర ఆకునూ ఆ ఆకునూ పక్కపక్కన పెడితే అక్కాచెల్లెళ్ళనే అనుకుంటారు. వాసన చూస్తే మాత్రం ఏడు తరాల్లో చుట్టరికం లేదని తెలిసిపోతుంది. అంత దగ్గరికొచ్చి వాసన చూసే ఓపిక వెనక వీధిలో కొత్తగా దిగినవాళ్ళకు లేకపోయింది. మేడమీది కిటికీలోంచి చూశారు, పోలీసులకు ఫోన్ చేశారు.

ఇక్కడ కోటేశ్వరరావు సంగతి కొంచెం చెప్పుకోవాలి. తోట విషయంలో ఆయన చేసే పని ఒక్కటే, ఎవరైనా మెచ్చుకుంటే ఆ మెప్పు అందుకోవడం. ఒక్క మగ్గు నీళ్ళు పోసిన పాపాన పోలేదు. కాని ఇంటికొచ్చినవాళ్ళను పెరట్లోకి తీసుకెళ్ళి, చేతులు వెనక్కి కట్టుకుని నడుస్తూ, ఇదంతా మన కష్టమేనండీ అనేవాడు. హైమావతి లోపల కాఫీ కలుపుతూ వినేది. మొగుడి మాట నలుగురిలో తీసెయ్యడం ఎందుకులే అనుకునేది. అలా ఊరుకోవడం కూడా ఒక రకంగా ఎరువు వెయ్యడమేనని ఆమెకు అప్పట్లో తోచలేదు.

స్టోర్ నుంచి వచ్చి సంచులు దించుతూ కిటికీలోంచి చూస్తే పెరట్లో మట్టి కనబడింది. మట్టి తప్ప ఇంకేమీ కనబడలేదు.

"ఏవండీ, గోంగూరేది?"

కోటేశ్వరరావు ఒక చెవి ఖాళీ చేసుకున్నాడు. "పోలీసులొచ్చి పట్టుకెళ్ళారు" అన్నాడు, పేపరువాడు వచ్చి వెళ్ళాడన్నంత తేలిగ్గా. ఆ గొంతులో ఇంకా భయం చేరలేదు. వాళ్ళు టేబుల్ మీద పెట్టిపోయిన కాగితం ఆయన అప్పటికి చదవలేదు.

జరిగిందేమిటో హైమావతి ముక్కలు ముక్కలుగా రాబట్టింది. ఆగస్టులో తెలుగు సంఘం పిక్నిక్‌కు ఇద్దరు కానిస్టేబుళ్ళు వచ్చారు. గోంగూర చికెన్ మారు వడ్డించుకుని మరీ తిన్నారు. ఇదేం ఆకని అడిగితే, సంఘం అధ్యక్షుడు భీమారావు గారు, మా కోటేశ్వరరావు గారి తోటలోదే, ఎప్పుడైనా వెళ్ళి అడగండి, లేదనరు అన్నారు. ఈ పొద్దున యూనిఫాంలో ఇద్దరు వెనక తలుపు దగ్గర నిలబడి, మొక్కలు చూపించి, ఇవి మీవేనా అని అడిగేసరికి కోటేశ్వరరావు వాళ్ళు ఆకు కోసం వచ్చారనుకున్నాడు.

"మొత్తం నావే అన్నాను."

"చివరి నాలుగూ డోరీన్‌వి కదండీ."

"హెడ్‌ఫోన్‌లో సర్వర్లు పడిపోయి ప్రొడక్షన్ డౌన్ అయిందని అందరూ మొత్తుకుంటుంటే ఏ మొక్క ఎవరిదో నేను చూస్తూ కూచుంటానా? మొత్తం అన్నాను. మాటవరసకి."

ఆ తర్వాత ఆయన కాగితం చదివాడు. గంజాయి అనే అనుమానంతో పెరట్లోని మొక్కలన్నీ స్వాధీనం చేసుకున్నామని అందులో ఉంది. కోటేశ్వరరావు రెండో చెవి కూడా ఖాళీ చేసుకున్నాడు. అవతల ప్రొడక్షన్ డౌన్‌లోనే ఉండిపోయింది.

ఆయన భయానికి కారణం లేకపోలేదు. అమెరికాలో గ్రీన్ కార్డు లైనులో నిలబడి, నిలబడి, జుట్టు తెల్లబడ్డాక కెనడా వచ్చి మళ్ళీ మొదటి మెట్టు నుంచి ఎక్కాడు. సిటిజన్‌షిప్ టెస్టు పాసయ్యాడు. ఓత్‌కు, అంటే పౌరసత్వ ప్రమాణానికి, పిలుపు ఏ రోజైనా రావచ్చు. ఈ సమయంలో పోలీసు కాగితం మీద పేరు పడింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఆయన ముందు ఇంట్లో ఉన్న గోంగూర పచ్చడి పాత సీసా తీసి బట్టల బీరువాలో దాచాడు.

తర్వాత వాన్ అనే ఊళ్ళో ఉండే త్యాగరాజు గారికి ఫోన్ చేశాడు. త్యాగరాజు గారు పగలు ఒక గోడౌన్‌లో లారీల రాకపోకలు చూస్తారు, సాయంత్రాలు తెలుగువాళ్ళ ఇమ్మిగ్రేషన్ ఫైళ్ళు చూస్తారు. లాయరు కాదు గాని, లాయరు కన్నా గట్టిగా మాట్లాడతారు. స్పీకర్లో ఆయన గొంతు వంటింటి దాకా వినిపించింది.

"పోలీసుల ఛాతీ మీద కెమెరా ఉంటది కోటేశ్వర్రావు గారూ. మొత్తం నావే అన్నారు, అది రికార్డయింది. ఇప్పుడు నాలుగు నావి కాదంటే పోలీసుకి అబద్ధం చెప్పినట్టు. అదీ ఓత్ ముందర."

"మరి నావే అంటే?"

"గంజాయి పెంచినట్టు."

కోటేశ్వరరావు పోలీసు కాగితం మడత మళ్ళీ విప్పాడు. "రెంటిలో ఏది నయమండీ?"

"గంజాయే నయం. నాలుగు దాకా లీగల్. అబద్ధానికి ఆ సౌకర్యం లేదు."

ఓత్ అయ్యేదాకా ఎవరితోనూ ఈ సంగతి ఎత్తవద్దని, ముఖ్యంగా పక్కింటావిడతో అసలు మాట్లాడవద్దని, ఆవిడ నోటి నుంచి ఏ మాట వచ్చినా సాక్ష్యమే అవుతుందని త్యాగరాజు గారు తీర్పు చెప్పారు. హైమావతి చేతులు తుడుచుకుంటూ వచ్చి, అది ఆవిడ మందండీ, చలికాలం వస్తోంది, మనం ఒక్క మాటైనా చెప్పకపోతే ఎలాగ అంది. ఓత్ అయ్యాక చెబుదువుగానిలే హైమా అన్నాడు కోటేశ్వరరావు. ఇన్నేళ్ళ అలవాటు కొద్దీ ఆమె సరే అంది.

వార్త మాత్రం ఎవరి సలహా అడగలేదు. పోలీసు వ్యాన్ ఆగడం ఎవరో చూశారు, ఆదివారం గుడిలో ప్రసాదంతోపాటు పంచారు. సోమవారానికి సంఘం వాట్సాప్‌లో భీమారావు గారు పేరెత్తకుండా ఒక సందేశం పెట్టారు, మన సంస్కృతి గురించి, యువతకు మనం చూపాల్సిన దారి గురించి. అదే సాయంత్రం విడిగా ఫోన్ చేశారు. మోకాళ్ళు బాగా సతాయిస్తున్నాయని, ఇంగ్లీషు మందులు పడట్లేదని, చాలాసేపు అటూ ఇటూ నడిపించి చివరికి అసలు ముక్క అడిగారు.

"గా ఆకేమన్న మిగిలిందా కోటేశ్వర్రావు గారూ? మీ చెల్లెమ్మకు తెల్వదు, నేనే అడుగుతున్న."

ఆడవాళ్ళ దారి వేరు. హైమావతి పచ్చడి తిన్న ప్రతి ఇంట్లోనూ పాత జ్ఞాపకాలన్నీ కొత్తగా విచారణకొచ్చాయి. పక్క ఊరు కేంబ్రిడ్జ్‌లో ఉండే స్పందన ఫోన్ చేసి, ఆంటీ, పోయినేడు మీ పచ్చడి తిన్న రోజు మా ఆయన మధ్యాహ్నం నుంచి పొద్దు పోయేదాకా నిద్రపోయాడు, నేను పాపం ఆఫీసు అలసట అనుకున్నా, అందులో ఏమైనా కలిపారా అని మెల్లగా అడిగింది. గోంగూర, మిరపకాయలు, వెల్లుల్లి, ఇంకేం లేవమ్మా అని హైమావతి చెప్పింది. స్పందన నమ్మినట్టే మాట్లాడింది. ఫోన్ పెట్టేముందు మాత్రం, ఈ ఏడు చేస్తే మాకు రెండు సీసాలు ఉంచండి అంది.

కొన్నాళ్ళకు ఆ ఇద్దరిలో ఒక కానిస్టేబుల్ టోపీ చేత్తో పట్టుకుని వచ్చాడు. పరీక్షలో తేలిందట, నాలుగు మొక్కలు తప్ప తక్కినవేవీ గంజాయి కావు. ఆ నాలుగూ చట్టం ఒప్పుకున్నవే. పొరపాటుకు చింతిస్తున్నామన్నాడు. మొక్కలు తిరిగి ఇద్దామంటే సంచుల్లో కుళ్ళిపోయాయన్నాడు. నష్టం జరిగిందనుకుంటే పోలీసు శాఖలో క్లెయిములు చూసే ఆఫీసుంది, అక్కడ రాసి ఇవ్వొచ్చని చెప్పి వెళ్ళిపోయాడు.

అక్కడితో ఆగితే బాగుండేది. కాని అప్పటిదాకా కోటేశ్వరరావులో ఉన్న భయం ఖాళీ చేసిన చోటు చట్టం వచ్చి ఆక్రమించింది.

అమెరికాలో ఉన్న రోజుల్లో వాళ్ళ అపార్ట్‌మెంటుకు, అంతకుముందు అద్దెకున్నవాళ్ళ పేరు మీద, ఎన్నికల పుస్తకాలు వచ్చేవి. అక్కడ కొన్ని చట్టాలను ప్రజల ఓటుకే పెడతారు. కోటేశ్వరరావుకు ఓటు లేదు. అందుకేనేమో, ఓటున్నవాడెవడూ చదవనంత శ్రద్ధగా ఆ పుస్తకాలు అట్ట నుంచి అట్టకు చదివేవాడు. ఒకసారి గంజాయిని చట్టబద్ధం చేసే ప్రతిపాదన వచ్చింది. చట్టం ఒప్పుకున్న మొక్కను పోలీసులు పట్టుకెళ్తే తిరిగి ఇవ్వాలి, పాడుచేస్తే నష్టం కట్టాలి, కట్టకపోతే వాళ్ళ మీద సివిల్ దావా వెయ్యొచ్చు అని అందులో ఒక క్లాజు ఉన్నట్టు ఆయనకు గుర్తు. పోలీసు మామూలు మనిషికి బాకీ పడటమనే ఆలోచన ఆయనకు అప్పట్లోనే తెగ నచ్చింది. ఆ ప్రతిపాదన గెలిచిందో ఓడిందో మాత్రం గుర్తు లేదు. ఓటు లేనివాడికి ఫలితంతో పనేముంది.

వారాంతానికి వాటర్లూ నుంచి వచ్చిన ధాత్రికి ఈ క్లాజు వివరించాడు.

"నాన్నా, దట్స్ ఎనదర్ కంట్రీ" అంది ధాత్రి.

"న్యాయం ఎక్కడైనా న్యాయమే."

"అండ్ ఇట్స్ ఫర్ వీడ్. గోంగూర ఈజ్ నాట్ వీడ్."

అక్కడే అసలు చిక్కు వచ్చింది. పోయిందంతా గోంగూరే అంటే ఆ క్లాజు పనికిరాదు. క్లాజు పనికిరావాలంటే పోయినవాటిలో గంజాయి ఉండాలి, ఆ గంజాయి తనదై ఉండాలి. త్యాగరాజు గారు ఉత్సాహంగా క్లెయిమ్ రాసిపెట్టారు. పెరట్లోని మొక్కలన్నీ కోటేశ్వరరావు పెంచినవే, అందులో నాలుగు ఔషధం నిమిత్తం పెంచినవి అని అందులో ఉంది. వచ్చిన పరిహారంలో డోరీన్ వాటా తర్వాత చేతిలో పెడదామన్నారు. ఏం ఔషధమండీ, మీకేం జబ్బండీ అని హైమావతి అడిగితే, ఈ గొడవలో వస్తుందిలే ఏదో ఒకటి అన్నాడు కోటేశ్వరరావు.

ఈలోగా చలి మొదలైంది. హైమావతి వెనక తలుపు వాడటం మానేసింది. చెత్త డబ్బా కూడా వీధి గుమ్మం నుంచి చుట్టూ తిప్పి తీసుకెళ్ళేది. వంటింటి కిటికీకి తెర దించింది. ఎదురుపడితే డోరీన్ అడుగుతుంది. అడిగితే తను నిజం చెప్పేస్తుంది. నిజం చెబితే మొగుడి ఓత్ ఏమవుతుందోనని ఆమె భయం. ఆ భయానికి వెనక ఇంకోటి ఉంది, అది ఇంకా పెద్దది. ఆ మనిషి వేళ్ళు ఎలా ఉన్నాయో చూడాల్సి వస్తుంది.

ఒక మధ్యాహ్నం పప్పు తాలింపు వేస్తుండగా వెనక తలుపు తట్టిన చప్పుడైంది. పిడికిలితో తట్టే చప్పుడు కాదది. మోచేత్తో తట్టినట్టు మెత్తగా ఉంది. తెర సందులోంచి చూస్తే డోరీన్ మెట్టు మీద నిలబడి ఉంది. చంకలో సీసా ఉంది. తాలింపు వాసన తలుపు సందులోంచి బయటికి పోతూనే ఉంటుంది, లోపల మనిషి ఉందని ఆవిడకు తెలుసు. హైమావతి పొయ్యి ఆర్పేసి, గరిటె పట్టుకుని, ఊపిరి బిగబట్టి గోడకు ఆనుకుంది. డోరీన్ ఇంకోసారి తట్టలేదు. కాసేపు నిలబడి, సీసా చంక మార్చుకుని వెళ్ళిపోయింది. ఆ పూట మాడిన తాలింపు పప్పులో వేస్తే కోటేశ్వరరావు బాగుందన్నాడు. ఆయన ధ్యాస క్లెయిమ్ మీద ఉంది.

అక్టోబరు చివర్లో డోరీన్ కూతురు కారు తెచ్చింది. సూట్‌కేసులు ఎక్కించారు. చేతులకు మందపాటి గ్లౌజులు తొడుక్కుని డోరీన్ ముందు సీట్లో కూర్చుంటే, సీటు బెల్టు కూతురు పెట్టింది. హైమావతి మేడమీది కిటికీ వెనక నిలబడి చూసింది. కిందికి దిగి వెళ్ళడానికి పన్నెండు మెట్లు, ఒక వాకిలి. ఆమె తొమ్మిదో మెట్టు దాకా దిగేసరికి కారు మలుపు తిరిగింది.

నవంబరులో క్లెయిముల ఆఫీసు నుంచి పిలుపొచ్చింది. ధాత్రితో కలిసి ముగ్గురూ వెళ్ళారు. కోటేశ్వరరావు ఇంటర్వ్యూకు కొన్న బూడిదరంగు కోటు వేసుకున్నాడు. బల్ల వెనక కూర్చున్న ఆఫీసరమ్మ నెమ్మదస్తురాలు. క్లెయిమ్ మీద కళ్ళు పరిచి, మొక్కలన్నీ మీరే పెంచారన్నమాట అంది. అవునన్నాడు. నీళ్ళు ఎన్నిసార్లు పోసేవారు అని అడిగింది. కోటేశ్వరరావు హైమావతి వైపు చూశాడు.

ఆ చూపు కొత్తది కాదు. కూర పేరడిగినా, కూతురి పుట్టినరోజడిగినా ఆయన అలాగే చూస్తాడు, ఆమె అందిస్తుంది. ఆవేళ ఆమె నోటి చివర జవాబు ఉంది. రోజుకోసారి, ఎండలు ముదిరితే రెండుసార్లు. ఆ జవాబు ఆయనకు అందించకుండా ఆఫీసరమ్మకే చెప్పింది. తనకు వచ్చిన ఇంగ్లీషులో, వెనక గుమ్మంలో డోరీన్ దగ్గర నేర్చుకున్న ఇంగ్లీషులో చెప్పింది. తోట ఈయనది కాదు, నాది. ఈయన ఒక్క మగ్గు కూడా పోయలేదు. చివరి నాలుగూ నావి కూడా కాదు. అవి మా పక్కింటి డోరీన్‌వి. ఈయన పోలీసులతో అన్నది అబద్ధమే. దానికి శిక్ష ఏదైనా ఉంటే వెయ్యండి, కాని ఆవిడ మందుకు నష్టం ఆవిడకు ఇవ్వండి.

కోటేశ్వరరావు ముఖం కోటు రంగులోకి మారింది. "హైమా, ఓత్..." అన్నాడు మెల్లగా.

ఆఫీసరమ్మ వాళ్ళిద్దరినీ మార్చి మార్చి చూసింది. ఆ ఓత్ సంగతేమిటని ధాత్రిని అడిగి తెలుసుకుంది. ఆ తర్వాత ఆమె అన్న మాట ఇది.

"భార్య పెంచిన తోటను తనదని చెప్పుకోవడం ఈ దేశంలో నేరం కాదండీ. అదే నేరమైతే మాకు జైళ్ళు చాలవు."

అయినా మీ క్లెయిమ్ నిలవదు, ఎందుకో మీరే చూడండి అంటూ ల్యాప్‌టాప్ ఇటు తిప్పింది. కానిస్టేబుల్ ఛాతీ మీది కెమెరా తీసిన వీడియో అది. తెర మీద కోటేశ్వరరావు, తలకు హెడ్‌ఫోన్లతో, వెనక తలుపు తీసి చిరునవ్వుతో నిలబడ్డాడు.

"ఇవన్నీ మీవేనా సార్?"

"మొత్తం నావే. నా చేతులతో పెంచాను."

"మీరు వాడుకోవడానికేనా?"

"ఇంత మేమేం చేసుకుంటామండీ? సీసాల్లో పెట్టి అందరికీ పంచుతాం. ఈ చుట్టుపక్కల మావాళ్ళంతా దీనికోసం ఏడాదంతా కాచుకుని ఉంటారు. ఒకసారి అలవాటైతే వదల్లేరు."

"వీటిని తీసుకెళ్ళడానికి మీకేమైనా అభ్యంతరమా?"

"అయ్యో, అడగాలా? తీసుకెళ్ళండి. కొయ్యడమెందుకు, వేళ్ళతో సహా పీక్కోండి, ఆకు వాడకుండా ఉంటుంది. ఆ చివరివి కూడా తీసుకోండి. మళ్ళీ ఏడాది ఇంకా ఎక్కువ వేస్తాం, తప్పకుండా రండి."

ధాత్రి రెండు చేతులతో ముఖం కప్పుకుంది. గోంగూర వైపు చూసినవాడికి ఒక కట్ట చేతిలో పెట్టకుండా పంపడం మర్యాద కాదని కోటేశ్వరరావు చిన్నప్పటి నుంచి ఎరిగిన సంగతి. ఆ మర్యాదే చేశాడు. ఇష్టపూర్వకంగా ఇచ్చేసినదానికి నష్టపరిహారం ఏ దేశపు క్లాజులోనూ ఉండదు.

వీడియో అక్కడితో ఆగలేదు. హెడ్‌ఫోన్‌లో ఎవరో పిలిచారు కాబోలు, కోటేశ్వరరావు లోపలికెళ్ళి తలుపేసుకున్నాడు. కానిస్టేబుళ్ళు మొక్కలు పీకడం మొదలుపెట్టారు. అప్పుడు పక్కింటి తలుపు తెరుచుకుని, నైటీ మీద కోటు వేసుకున్న డోరీన్ చెప్పుల్లేకుండా గడ్డి మీద గబగబా వచ్చింది. ఆయనకేమీ తెలియదు, ఆయన్ని వదిలెయ్యండి అంది. అవన్నీ నావే అంది. ఈ చివరివీ నావే, ఆ చివరివీ నావే, పెరడంతా నాదే అంది. వాళ్ళకు సిటిజన్‌షిప్ రాబోతోంది, ఆ అమ్మాయి హైమావతి ఎన్నాళ్ళ నుంచో ఎదురుచూస్తోంది, రాసుకునేదేదో నా పేరు మీద రాసుకోండి అంది. ఏ మొక్క ఏదో ఆవిడకు తెలియనిది కాదు. ఆ గోంగూరకు ఆవిడ వేసవంతా తనూ నీళ్ళు పట్టింది. రాసుకోమన్నట్టు చెయ్యి చాపితే, ఆ వంకర వేళ్ళు కెమెరాకు మరీ దగ్గరగా వచ్చాయి.

హైమావతి ఆ బొమ్మ వైపే చూస్తూ ఉండిపోయింది. మొగుడు అన్న మాటా, ఆ మనిషి అన్న మాటా ఒక్కటే. తను తలుపు వెనక ఊపిరి బిగబట్టిన రోజుకు ఆ మాట అని చాన్నాళ్ళయింది. అడుగుతుందేమోనని తను భయపడిన మనిషి, అడగడానికి రాలేదు. మూత తీయించుకోవడానికే వచ్చింది.

ఒకే పెరడు మొత్తం తమదేనని ఇద్దరు చెప్పారు కాబట్టి ఆ క్లెయిమ్ కాగితం పక్కన పెట్టామని, డోరీన్ గారు తన నాలుగింటి కోసం విడిగా రాసి ఇస్తే చూస్తామని ఆఫీసరమ్మ చెప్పింది. ఆవిడ ఇంతవరకు ఏమీ రాయలేదని కూడా చెప్పింది.

ఆదివారం కేంబ్రిడ్జ్‌లో డోరీన్ కూతురింటికి వెళ్ళారు. కోటేశ్వరరావు కారులోనే ఉండిపోతానన్నాడు, హైమావతి బతిమాలలేదు. డోరీన్ కిటికీ పక్క కుర్చీలో, ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చుని ఉంది. హైమావతి సంచిలోంచి చిన్న సీసా తీసింది. తెచ్చిన వెల్లుల్లి నూనె వేడి చేయించుకుని వచ్చి, కింద కూర్చుని, ఆ చేతులు తన ఒళ్ళోకి తీసుకుని ఒక్కొక్క వేలే పట్టసాగింది. నా మందు కన్నా ఇదే ఎక్కువ కంపు కొడుతోంది అంది డోరీన్. చాలాసేపయ్యాక, నాలాంటిదానితో కనబడితే మీకేమైనా ఇబ్బందేమో అనుకున్నాను, అందుకే మళ్ళీ రాలేదు అంది. కాదని హైమావతి అంది. మరి ఎందుకో చెప్పబోయింది. చెప్పడం మొదలుపెడితే, తనకే అది కారణంలా వినిపించలేదు.

ఇక ఆ ఇంటికి తిరిగి రాలేనని, మెట్లూ మూతలూ తనవల్ల కావని డోరీన్ చెప్పింది. క్లెయిమ్ రాయమంటే, ఈ చేతులతో అన్ని కాగితాలు ఎవరు రాస్తారు, వదిలెయ్యమంది. హైమావతి రాస్తానంది. డోరీన్ నవ్వి, ఇంకో చెయ్యి ఇచ్చింది.

డిసెంబరులో పక్కింటి ముందు అమ్మకం బోర్డు పాతారు. ప్రకటనలో వెనక పెరటి ఫొటో ఆగస్టులో డోరీన్ కూతురు తీసింది, హైమావతి గోంగూరతో సహా మనిషెత్తు పచ్చదనం ఈ చివరి నుంచి ఆ చివరి దాకా నిండుగా ఉంది. ఆ తోట మొత్తం కొన్నవారికే చెందుతుందని కింద రాసి ఉంది.